మల్లెదారం దూరిన సందు

నాంపల్లి,
మంగళవారం.

అమ్మకు,

ప్రభువు పేరిట నీకూ చిన్నమ్మకూ వందనాలు. ఇక్కడ కారు తప్ప అందరం క్షేమం. ఉత్తరంతో పాటు చిన్న గుడ్డ మూట ఒకటి కుట్టి పెట్టాను. కుట్లు అప్పుడే విప్పకు. ముందు ఇది చదువు, అందులో ఏముందో చివర నేనే చెప్తాను.

నువ్వు పంపిన చింతకాయ తొక్కు సీసా పగలకుండా అందింది. ఉప్పు ఒక్క పిసరు తగ్గింది, నేను కలుపుకున్నాను. నా మోకాలి గురించి అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు ఏమీ లేదు, దిగేటప్పుడే పీకుతుంది. జెర్లిన్ పెళ్లి చీర అంచుకు లేసు దొరికింది. నేనూ అదీ సుల్తాన్ బజార్ అంతా తిరిగాం. చివరికి మొదట చూసిన దుకాణంలోనే కొన్నాం. తమ్ముడు రాబర్ట్ బిడ్డ పెళ్లి పనుల్లో పడి తిండి కూడా సరిగా తినడం లేదు.

ఇంకో మాట అడిగావు. ఈస్టర్ అయ్యాక నిన్ను మెదక్‌లో దింపడానికి వస్తుంటే దారిలో మేమందరం తలలెత్తి పైకి ఎందుకు చూశామని. వానొస్తుందేమోనని చూశాం అన్నాను. వాన కాదమ్మా. కారు వేగం అందుకోగానే నెత్తి మీది అద్దం దగ్గర ఈల వేసినట్టు మోత. నీకు వినపడలేదు. నిన్ను భయపెట్టడం ఎందుకని నేను మాట మార్చాను. ఆ మోత సంగతి ఇప్పుడు తేలింది.

మీ అల్లుడు బషీర్‌బాగ్ డాక్టరు గారి దగ్గర ఈ కారు కొని పెళ్లిళ్లకు కిరాయికి తిప్పబట్టి మూడేళ్లు. జనం దాన్ని అడిగేది మెత్తటి సీట్ల కోసం కాదు, పైన తెరుచుకునే సన్‌రూఫ్ కోసం. పెళ్లి ప్రమాణాలు కాగానే కొత్త జంట సీటు మీద నిలబడి, నడుం దాకా పైకి వచ్చి చేతులూపుతూ హాలుకు పోవాలి. వెనక బ్యాండ్, ఆ వెనక బైకుల మీద పిల్లలు. అబిడ్స్‌లో పెళ్లయినా నాంపల్లిలో పెళ్లయినా ఇదే ముచ్చట. జెర్లిన్‌కు కూడా చిన్నప్పటి నుంచీ తెలిసిన పెళ్లంటే అదే.

ఆ కారుకు పువ్వులు కట్టేది నేను. దండ కొసను సన్‌రూఫ్ తెరిచి లోపలికి తీసి, అద్దం మూసేస్తాను. చర్చికి పోయి మళ్లీ తెరిచేదాకా దారం బిగుసుకుని కదలదు. పోయిన నెల అబిడ్స్ పెళ్లికి కడుతుంటే ఒక కొస జారింది. మళ్లీ తెరవడం ఎందుకని గోటితో నెడితే, మూసి ఉన్న అద్దానికీ దాని చట్రానికీ మధ్యలోకి మల్లెదారం మెత్తగా దూరింది. వాటి మధ్య సందు ఉండకూడదు కదా, అవి రెండూ అతికించినవి. అద్దం మీద చెయ్యి వేసి నొక్కాను. ఒక మూల లేచి, మళ్లీ కూర్చుంది.

మరునాడే ఆయన చేత కారు నెమ్మదిగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీయించాను. రవిచంద్ర అనే ఆయన ముందు అద్దం కింద ఉన్న పొడుగాటి నంబరు కంప్యూటర్లో కొట్టి, మా ముఖాల వంక చూశాడు. ఈ రకం కార్లన్నిటినీ కంపెనీ ఏడాది కిందే రీకాల్ చేసిందట, అంటే రిపేరుకు వాపసు పిలిచిందట. సన్‌రూఫ్ అద్దాన్ని పట్టి ఉంచే జిగురు సరిగా అతకలేదు, వేగంలో గాలికి ఊడి వెనక్కి ఎగిరిపోవచ్చు. కొత్త అద్దం ఉచితంగా వేస్తారు, అది వచ్చేదాకా బండి తీయొద్దు అన్నాడు. మాకెందుకు చెప్పలేదు అని అడిగాను.

"మెసేజ్‌లు పంపినం మేడమ్. మా కాడ ఇంకా డాక్టర్ సాబ్ పేరే ఉన్నది. మీరు ఒక్కపారన్న గీడికి వస్తే మీ పేరు ఎక్కిస్తుంటిమి గదా."

వెళ్లలేదు. కంపెనీ గడప తొక్కితే బిల్లు వాచిపోతుందని ఆయన మన గల్లీలో మెకానిక్ మల్లేష్ దగ్గరే అన్నీ చేయించాడు. ఆ లెక్క బాగుందని సంతోషించింది నేనే.

కొత్త అద్దం వచ్చేసరికి జెర్లిన్ పెళ్లి దాటుతుంది. ఇంటికి వచ్చాక ఆయనతో చెప్పాను, అద్దం మారేదాకా ఈ కారు ఏ పెళ్లికీ పోదని.

"రూపాయి రూపాయికి లెక్క అడిగేదానివి, నువ్వే బండి ఆపుమంటవా? మల్లేష్ గమ్ పెడ్తడు. గింత దానికి ఫికర్ ఏంది? చర్చి అయ్యగారితోని ప్రార్థన చేయించి తెచ్చిన బండి."

"ప్రార్థన చేయించినమని బ్రేకులు లేకుండ నడుపుతవా?" అన్నాను.

నేను ఒప్పుకున్న పెళ్లిళ్ల వాళ్లందరికీ ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, అడ్వాన్సులు వాపసు ఇచ్చేశాను. ఒకావిడ తిట్టింది. ఇంకొకావిడ మంచిపని చేశావమ్మా అని, వేరే కారు ఎక్కడ దొరుకుతుందో కూడా నన్నే అడిగింది.

జెర్లిన్‌కు చెప్పడమే కష్టమైంది. కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని, "నేను నిలబడ అత్తా, అద్దం మూసుకుని లోపల్నే కూసుంట" అంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, అద్దం ఊడితే ఎటు పోతుంది బిడ్డా అని. వెనక్కి అంది. వెనక బైకుల మీద వచ్చేది ఎవరు అని అడిగాను. అది లేసు అంచు సవరించుకుంది. తర్వాత, "బ్యాండోళ్లు నడుస్తరు గదా అత్తా. మేం గూడ నడుస్తం" అంది. చర్చి నుంచి హాలు అంత దూరమేమీ కాదు. ఎండకు పట్టే గొడుగుకు మల్లెలు నేను కడతానని మాటిచ్చాను.

తమ్ముడు మాత్రం దిగాలు పడ్డాడు. పెళ్లికొడుకు వాళ్లకు ఆ కారు సంగతి గొప్పగా చెప్పుకున్నాడు మరి. మీ అల్లుడు వాడి భుజం తట్టి, నేనున్న గదా, చూద్దాం అన్నాడు. ఆ 'చూద్దాం' నాకు నచ్చలేదు.

నేను అనుకున్నట్టే అయింది. పోయిన గురువారం నేను చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లి వచ్చేసరికి కారు లేదు. మల్లేష్ చేత జిగురు పెట్టించి, లక్డీకాపూల్‌లో ఎవరి పెళ్లికో తీసుకుపోయాడు. చీకటి పడ్డాక నవ్వుకుంటూ వచ్చి, "సూసినవా, ఏమన్న అయ్యిందా?" అన్నాడు.

నేను జడలో దండ విప్పి, పువ్వులు దూసి, దారం పట్టుకుని కారు దగ్గరికి పోయాను. ఆయన చూస్తుండగానే అద్దం అంచు వెంట నడిపాను. మల్లేష్ జిగురు పెట్టిన చోటు దాటగానే దారం లోపలికి దిగింది. రెండో వైపు కూడా దిగింది. పోయిన నెల ఆ వైపు దిగలేదు.

ఆయన దారం వంకే చూశాడు. కొంచెం మెత్తబడ్డాడు కూడా. "సరే, జెర్లిన్ ఒక్కదాని పెండ్లికి తీసి, తర్వాత ఆపేద్దాం. రాబర్ట్‌కు మాటిచ్చిన" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదమ్మా, నీకు తెలుసు. ఎవరు అడిగినా కాదనలేడు. తెల్లవారి తమ్ముడు వచ్చి ఎదురుగా నిలబడితే ఆ దారం మరిచిపోతాడు. అందుకే ఆ పని నేను చేశాను.

ఇప్పుడు మూట విప్పు. అందులో ఉన్నవి కారు తాళంచెవులు, రెండూ. ఇంట్లో ఎక్కడ దాచినా ఆయన వెతుకుతాడు, దొరక్కపోతే జాలిగా అడుగుతాడు, నేను ఇచ్చేస్తాను. నా మీద నాకు అంత నమ్మకం లేదు. అందుకే అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు నేనే నడిచి వెళ్లి, రిజిస్టర్ చేసి పంపుతున్నాను. ఇంటికి వచ్చాక ఆయనకు నా నోటితోనే చెప్తాను, తాళాలు మెదక్‌లో అమ్మ దగ్గర ఉన్నాయని. దొంగతనంగా చేసినట్టు ఉండకూడదు.

పెళ్లికి నువ్వూ చిన్నమ్మా బస్సులో రండి. తాళాలు బియ్యం డబ్బాలో అడుగున పెట్టి, అక్కడే వదిలి రండి. అద్దం వచ్చిందని రవిచంద్ర ఫోన్ చేసిన రోజు నేను వచ్చి తీసుకుంటాను. కారును వాళ్లే లారీ మీద ఎక్కించుకుని పోతారట.

మీ అల్లుడు నీకు ఫోన్ చేస్తాడు. తమ్ముడు కూడా చేస్తాడు. చిన్నమ్మకు ఫోన్ ఎత్తవద్దని చెప్పి, నువ్వే ఎత్తు. ఎంత గట్టిగా అడిగినా నీకు ఎలాగూ వినపడదు. పెళ్లిలో ఎదురుగా కూర్చుని అడిగినా వినపడనట్టే ఉండు.

ఇట్లు,
నీ మాట మీద కంటే నీ చెవుల మీద నమ్మకం పెట్టుకున్న
నీ పెద్దబిడ్డ,
ఫ్లోరా