నబవియ్య అడగబోయే కాగితం గురించి

కఫ్ర్ సువైలిమ్ తాలూకా కుటుంబ న్యాయస్థానం, రికార్డుల అధికారి గారి సముఖమునకు.

అయ్యా,

విషయం: మా వివాహ రిజిస్టరు పుటకు నకలు ఇప్పించమని కోరుట, మరియు సదరు నకలును నా భార్య చేతికి ఇవ్వవద్దని కోరుట గురించి.

నీటిపారుదల శాఖలో తూము కాపలాదారుగా పనిచేసి విరమించిన బయ్యూమీ అబ్దుల్ మౌజూద్ అను నేను, తమకు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. పై రెండు కోరికలూ ఒకదానితో ఒకటి పొసగవని నాకు తెలుసు. మీ కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తా వగ్దీ గారు కూడా అదే అన్నారు. "పెద్దాయనా, కాగితం కావాలా, వద్దా? తేల్చుకుని రా. వెనకాల జనం ఉన్నారు." తేల్చుకోలేకనే ఈ అర్జీ.

2. నా భార్య నబవియ్య వచ్చే ఆదివారం పొద్దున, శుక్ర శనివారాల సెలవులు కాగానే, తమ కార్యాలయమునకు రానున్నది. మా పక్కింటి ఫరహాత్ తల్లి, తన భర్త పోయాక, పెళ్ళి కాగితం దొరక్క పెన్షను కోసం రెండేళ్ళు తిరిగింది. అది చూసి నా భార్యకు భయం పట్టుకుంది. చలికాలంలో నాకు గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో పడుకున్నప్పటి నుంచీ మరీను. "నువ్వెలాగూ చెప్పి పోవు, షహాతా నాయనా. పోయాక నన్ను ఆఫీసుల చుట్టూ తిప్పుతావు. ఆ కాగితమేదో ఇప్పుడే తెచ్చి పెట్టెలో పడేస్తే, నువ్వు పోయినా నేను తీరిగ్గా ఏడుస్తాను" అంది. షహాతా మా కొడుకు. నేనే తెస్తానని చెప్పి ఆరుసార్లు వచ్చాను, ఆరుసార్లూ ఒట్టి చేతులతో వెళ్ళాను. ఇక నా మాట నమ్మక తనే బయల్దేరుతోంది.

3. ఆ ఆరుసార్ల వివరము: మొదటిసారి రిజిస్టరు నంబరు అడిగారు. ఆ నంబరు ఉండేది కాగితం మీద, నేను వచ్చింది కాగితం కోసం. రెండోసారి, పాత భవనం కప్పు కూలినప్పుడు రిజిస్టర్లన్నీ బాలికల బడి సామాన్ల గదికి చేరాయని చెప్పారు. మూడోసారి బడికి వెళితే తాళంచెవి కోర్టులో ఉందన్నారు. నాలుగోసారి కోర్టుకు వస్తే తాళంచెవి బడిలో ఉందన్నారు. అయిదోసారి వగ్దీ గారికి జాలేసి, తనే తాళంచెవి సంపాదించి, ముక్కుకు రుమాలు కట్టుకుని విరిగిన బల్లల మధ్య రెండు గంటలు వెతికారు. పుట దొరికింది. దేవుడాయన పిల్లల్ని చల్లగా చూడాలి. దొరక్కపోయినా బాగుండునని ఆయనతో అనలేకపోయాను.

ఆ పుట అంచున ఎర్ర సిరాతో రాసి ఉన్నది ఆయన పైకే చదివారు. "ఫలానా తేదీన భర్త విడాకులు ఇచ్చినాడు, తిరిగి తెచ్చుకొనుటకు వీలున్న విడాకులు." ఆపైన నా ముఖంలోకి చూసి, "మరి ఆవిడ ఎవరు, ఆదివారం వస్తానంటున్నావిడ?" అన్నారు. ఆవిడే ఈవిడ అన్నాను.

4. ఈ విషయమై నా సంజాయిషీ. ముప్పయ్యొక్క ఏళ్ళ క్రితం ఒక ఇంజినీరు గారు తనిఖీకి వచ్చి మా ఇంట్లో టీ తాగుతూ, "రాత్రిళ్ళు మీ ఆయన తూము దగ్గరే ఉంటాడా అమ్మా?" అని అడిగారు. "ఎందుకుండడయ్యా, గురక ఇక్కడిదాకా వినిపిస్తుంది!" అంది నబవియ్య. ఇంజినీరు గారు నవ్వారు, డ్రైవరు నవ్వాడు, గుమ్మంలో నిలబడ్డ ఇరుగుపొరుగు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఊరి ఖాజీ ఆమె మేనమామ. అందుకని కాలువ అవతలి ఊరి ఖాజీ దగ్గరికి నడిచాను, కాఫీ హోటల్లో డామినోలు ఆడుతున్న ఇద్దరిని సాక్షులుగా లేపుకొచ్చాను. "కోపం మీదున్నావు, ఇంటికెళ్ళి కాసిని నీళ్ళు తాగి పడుకో నాయనా" అన్నాడు ఖాజీ. "మీ పని రాయడం, రాయండి" అన్నాను. ఆయన రాశాడు.

ఇంటికొచ్చేసరికి నబవియ్య బాతు కూర, ములూఖియ్య ఆకు పులుసు చేసి ఉంచింది. "ఎక్కడ తిరిగొస్తున్నావు? అన్నీ చల్లారిపోయాయి, మళ్ళీ వెచ్చబెట్టను, అలాగే తిను." తిన్నాను. కోపం ఏ ముద్ద దగ్గర పోయిందో తెలియదు. మూడు నెలల గడువు లోపల మామూలుగా కాపురం చేస్తే భార్యను తిరిగి తెచ్చుకున్నట్టేనని మసీదులో పెద్దలు అన్నారు. దేవుడి దగ్గర ఆమె నా భార్యే. మళ్ళీ ఆ ఖాజీ ముఖం చూడలేక, తిరిగి తెచ్చుకున్నానని రాయించలేదు. అందుకే మీ రిజిస్టరులో మాత్రం కాదు.

5. ఆమెకు తెలియజేయవలసిన నోటీసు సంగతి. కోర్టు బంట్రోతు సైకిలు మీద వచ్చి, నబవియ్య ఇల్లెక్కడని తూము దగ్గర నన్నే అడిగాడు. నేనే అందజేస్తానని చెప్పి, ఆమె బదులు సంతకం పెట్టి, అతను మలుపు తిరిగాక కాలువలో వేశాను. ఇది నేరమైతే ఒప్పుకుంటున్నాను.

6. ఆరోసారి వచ్చి, దీన్ని సరిచేసే దారి లేదా అని వగ్దీ గారిని బతిమాలాను. "ఉంది. నన్ను తిరిగి తెచ్చుకున్నాడు, నాకు సమ్మతమే అని ఆవిడే కాగితం మీద వేలిముద్ర వేయాలి. లేదా మళ్ళీ నిఖా చేసుకోండి. దానికీ ఆవిడే ఊ అనాలి" అన్నారు.

అయ్యా, నా భయమంతా అక్కడే ఉంది. పన్నెండేళ్ళ క్రితం ఇస్మాయిలియా పట్నంలో ఉండే ఆమె అక్క, తన భర్త పోయాక, కుట్టుపని దుకాణం పెట్టుకుని, తోడుగా వచ్చి ఉండమని కబురు పంపింది. నబవియ్య నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు, "పెళ్ళయినదాన్ని, ఎక్కడికి పోతాను" అని గేదెకు మేత వేయడానికి వెళ్ళింది. మీ రిజిస్టరు ప్రకారం ఆ రోజు ఆమెను ఆపేవారు ఎవరూ లేరు. ఆ మాట తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పితే ఆమె లెక్కపెట్టేది ఆ రాతనీ, ఆ నోటీసునీ కాదు, ఆ నాలుగు రోజులనే. ఊ అంటుందని నాకు నమ్మకం లేదు. అనకపోతే తప్పు పట్టలేను. చెప్పకుండా పోయానంటే, నా చావుకు ఏడవడానికి కూడా ఆమెకు కాగితం ఉండదు.

7. కావున తమరు దయతలచి, అంచున ఉన్న ఎర్ర రాత లేకుండా నకలు ఇప్పించగలరు. అది చట్టం ఒప్పదని వగ్దీ గారు అన్నారు. పోనీ, రిజిస్టరు ఎలుకలు కొట్టేశాయని ఆమెకు చెప్పించగలరు. అది అబద్ధమవుతుంది, నావే చాలినన్ని ఉన్నాయి. ఏదీ కాకపోతే, ఆదివారం ఆమె కిటికీ దగ్గరికి వచ్చి పేరు చెప్పగానే, పుట చదవకముందు, బయట బెంచీ మీద ఉండే నన్ను ఒక్క కేక వేసి పిలిపించగలరు. ఆ మాట గుమాస్తా నోట కాక నా నోట వినాలి. అంతకుమించి ఏమి అడగాలో నాకు తోచడం లేదు.

ఈ ముసలివాని మొర ఎటు పొసిగితే అటు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బయ్యూమీ అబ్దుల్ మౌజూద్

తా.క. సంతకం పెడుతుండగా నబవియ్య టీ తెచ్చింది. "పొద్దున్నుంచీ ఎవరికి రాస్తున్నావు?" అంది. కాలువ నీళ్ళ గురించి పై అధికారికి అన్నాను. నోటికి అదే వచ్చింది. "చివరి చేలకి నీళ్ళందక మూడు వారాలాయె. ఒక్కడి మాట వాళ్ళేం వింటారు, నాది కూడా ఉండనీ" అంటూ నా పెన్ను లాక్కుని, బొటనవేలి మీద గీసుకుని, నేను చెయ్యి అడ్డం పెట్టేలోపల నా పేరు కింద నొక్కేసింది. ఆమెకు చదువు రాదు.

వగ్దీ గారు అడిగిన వేలిముద్ర ఇదేనని, ఇది చాలునని తమకు తోచవచ్చు. దయచేసి దీన్ని లెక్కలోకి తీసుకోకండి. చింపి కొత్తగా రాద్దామంటే, ఇదంతా రెండోసారి రాసే ధైర్యం నాకు లేదు. అందుకని ఆ ముద్ర చుట్టూ గీత గీసి, పక్కన 'చెల్లదు' అని నేనే రాశాను.

"ఏం రాశావక్కడ?" అని అడిగింది.

నీ పేరే అన్నాను.