చెప్పకుండా రమ్మని మనవి

జిల్లా నీటి పరీక్షల అధికారి గారి సముఖమునకు,
పాలకొల్లు దగ్గర వీరమ్మలంక నుండి, డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థిని కొల్లాటి సాయిదుర్గ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి కాలువ నీటి నమూనాను, ముందుగా కబురు చేయకుండా వచ్చి, మరల తీసుకొనుట గురించి.

1. ఏప్రిల్‌లో కాలువలకు నీళ్లు ఆపి కట్టేస్తారు. ఆ లోపల మా ఊరి మంచినీళ్ల చెరువును కాలువ నీటితో నింపుకుంటాము. వేసవి పొడవునా ఊరంతా తాగేది అవే. పోయిన వేసవిలో ఆ నీళ్లు తాగి మా వీధిలో చాలామందికి పచ్చకామెర్లు వచ్చాయి. నాకూ వచ్చాయి. పరీక్షలు పోయాయి. ఆ పాఠాలే ఇప్పుడు మళ్లీ చదువుతున్నాను. వచ్చే వారం చెరువు నింపుతారు.

2. గత నెలలో తమ కార్యాలయం నుండి యుగంధర్ గారు నమూనా కోసం వచ్చారు. ముందురోజే ఫోను చేశారు. పంచాయతీ వారు ఆటోకి మైకు కట్టి, "రేపు నీళ్ల సారు వస్తున్నారండి, ఊరి పరువు సంగతి. రేవులో గేదెల్ని కడగొద్దు. రొయ్యల చెరువుల వారు రేపొక్కరోజు కాలువలోకి నీళ్లు వదలొద్దు" అని ఊరంతా తిప్పారు. మురుగు కాలువకు మట్టి అడ్డం వేశారు. రేవు మెట్ల మీద బ్లీచింగు చల్లారు. ఇందులో మోసం చేయాలన్న ఉద్దేశం ఎవరికీ లేదని నమ్మవలెను. చుట్టాలు వస్తున్నారంటే ఇల్లు కడుక్కున్నట్టే కడుక్కున్నారు.

3. యుగంధర్ గారు మంచినీళ్ల చెరువు తూము దగ్గర నీళ్లు పట్టాలన్నారు. ఊరి మురుగూ, రొయ్యల చెరువుల నీరూ అన్నీ కలిసి చేరేది అక్కడికే, కాలువ నీళ్లు చెరువులోకి వెళ్లేదీ ఆ తూము నుంచే. మా నాన్న పెద్దిరాజు గారు పంచాయతీలో కుళాయిలకు నీళ్లు వదిలే పని చేస్తారు. ఆయనే అడ్డుపడ్డారు.

"అక్కడంతా బురదండి. బూట్లు పాడైపోతాయి. లాకుల దగ్గరికి రండి, కుర్చీ వేయించాను."

"తూము దగ్గరే పట్టమన్నారండి పైవాళ్లు."

"అదీ ఈ కాలువేనండి, ఇదీ ఈ కాలువేనండి. ముందు బొండం తాగండి."

ఊరికి ఎగువన, లాకుల దగ్గర సీసా నిండింది. ఆయన వెళ్లాక నేను అడిగితే నాన్న, "అంత దూరం నుంచి వచ్చినాయన్ని పట్టుకుని బురద తొక్కమంటామేంటే? బాగోదు" అన్నారు.

4. జీపు మలుపు తిరగగానే మట్టి అడ్డం తీసేశారు. రొయ్యల చెరువుల వారు ఆపి ఉంచిన నీళ్లన్నీ ఒక్కసారే వదిలారు. మర్నాడు పొద్దున తూము దగ్గర చేపలు తేలాయి. తరువాత తమ నివేదిక వచ్చింది: "నీటి నాణ్యత సంతృప్తికరం." సంతృప్తి చాలా మంచి మాట. ఎక్కడ కనపడినా ఆగి మళ్లీ చదువుకునేదాన్ని. పంచాయతీ నోటీసు బోర్డు మీద చూశాక ఆ మాట మీద మనసు విరిగింది.

5. చెరువు నిండే వరకైనా నీళ్లు వదలొద్దని రొయ్యల చెరువుల జానకిరామ్ గారిని అడిగాను. "సారు వచ్చారని ఆపాం, అది మర్యాదమ్మా. ఊరికే ఆపాలంటే కాగితం కావాలి" అన్నారు. సర్పంచ్ గారినీ అడిగాను, కార్యదర్శి గారినీ అడిగాను. అందరూ కూర్చోబెట్టి టీ ఇచ్చారు. చాలా బాగా మాట్లాడారు. అలసిపోయాను.

6. తమ కోసం ఒకరోజు ఆపగలిగినవారు, తమ కాగితం ఉంటే మా కోసం వారం ఆపగలరు.

కావున చెరువు నింపక ముందే, ఫోను చేయకుండా రావలెనని, తూము దగ్గరే నీరు పట్టవలెనని, బాగోలేదని తేలితే చెరువు నిండే వరకు కాలువలోకి ఏ మురుగూ వదలరాదని ఉత్తర్వు ఇవ్వవలెనని కోరుచున్నాను. ఎవరైనా కుర్చీ వేస్తే దయచేసి కూర్చోవద్దు. ఇంతకన్నా వినయంగా వ్రాయడం నాకు చేతకాలేదు. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కొల్లాటి సాయిదుర్గ

తా.క.: ఈ అర్జీ అమ్మకు చదివి వినిపించాను. "ఏమీ పెట్టకుండా పంపేస్తామేంటి? భోజనం చేసి వెళ్లమని రాయి" అంది. రాశాను. నమూనా పట్టాక తప్పక తినండి, లేకపోతే అమ్మ బాధపడుతుంది. ఎవరైనా వస్తే మామూలుగా షాపు నుంచి సీలు సీసా తెప్పిస్తాము. ఈసారి తెప్పించను. మేము తాగే నీళ్లే గ్లాసులో పోసి విస్తరి పక్కన పెడతాను. తాగనవసరం లేదండి. ఒక్కసారి వాసన చూసి, ఏమనిపించిందో అది రాసుకుంటే చాలు.