అత్త బోరు చుట్టూ ఎర్రరంగు

అన్నా,

"ఎనిమిదిలో బడి మానేసినోడివి, నీకేం అర్థమవుతాదిరా" అని నిన్న బస్సెక్కతా అన్నావే, అర్థమయ్యింది కాబట్టే అడిగినా. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనియ్యవు, అందుకే రాస్తా ఉండా.

భూమి లోపల పెట్రోలు తీసే నూనె ఎట్ల కదలతాదో కంప్యూటర్లో లెక్కగట్టేది నీ పని. ఆ లెక్కలో మనూరి నీళ్లు పెట్టి చూపిచ్చింది నువ్వే. నీలంగా ఉంటే నీళ్లుండాయి, ఎర్రగా అయితే అయిపోయినాయి అన్నావు. మన చేన్లో కొత్త బోరు వేసినట్టు పెట్టి నడిపిస్తివి. రెండు ఎండాకాలాలు దాటేలోపలే గట్టుకి అవతల ధనం అత్త బోరు చుట్టూ అంతా ఎర్రగా అయిపోయె. లోపల రెండిటికీ ఒకే నీళ్లు అని చెప్పింది గూడా నువ్వే. చెప్పి, కాఫీ తాగి, "బోరు బండికి చెప్పేసినా, రేపు వస్తాది, అత్తకు మాత్రం చెప్పొద్దు" అంటివి.

ఎట్ల చెప్పకుండా ఉండేది? ఆమెకు ఆ టమోటా తోట తప్ప ఇంకేముంది? "నూనెలో అంతేరా, ముందు తోడుకున్నోడిదే" అంటివి. ఇది నూనెనా? పోయినేడు మన మోటారు కాలిపోతే ఎవురి బోరు నుంచి పైపు వేసుకుంటిమి? అప్పుడు ఆమె నీ మాదిరి లెక్క చూసిందా?

నేను ఏ పనిలోనూ నిలవనోడినే, ఒప్పుకుంటా. దానికీ దీనికీ ఏం సంబంధం?

పొద్దున్నే అత్తకు అంతా చెప్పేసినా. ఇప్పుడు బోరు బండి మన చేను దోవలోకి తిరిగింది. ఆమె ఒక్కతే దానికి అడ్డంగా నిలబడుండాది. నేను పోవాల.