నాలుగు నిమిషాల పది సెకన్లు

వాడి కబీర్, మస్కట్
6 ఫిబ్రవరి 2026, శుక్రవారం

లింబాద్రికి,

రఘుపతి నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తానని మొదలుపెట్టాలని బడిలో సారు నేర్పాడు. మొదటి సగం నిజమే, నాకు జలుబు కూడా లేదు. రెండో సగం మాత్రం రాయలేను. నువ్వు క్షేమంగా లేవని తెలిసే కదా కలం పట్టుకున్నాను. కవితను, పిల్లలను అడిగానని చెప్పు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఏం చెయ్యమంటావు? వాట్సాప్‌లో బ్లాక్ చేశావు. ఫోన్‌లో బ్లాక్ చేశావు. మా రూమ్ ఇస్రార్ నంబర్ నుంచి చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావు. పోస్ట్‌మన్‌ను బ్లాక్ చేసే బటన్ ఇంకా రాలేదు కనుక ఈ దారి పట్టాను. ఇరవై ఏళ్ళ తర్వాత తెలుగులో ఇంత పొడుగు రాస్తున్నాను, వేళ్ళు నొప్పి పుడుతున్నాయి. నాదొక్కటే షరతు. దీన్ని చివరి దాకా చదువు. సంతకం దగ్గర ఆగిపోకు.

విషయం ముందే చెప్పేస్తాను. నువ్వు మస్కట్ రావద్దు.

మొన్న సోమవారం రెసిడెంట్ కార్డు పని మీద ఖురంలో మన కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. టేబుల్ మీద కొత్త వీసాల లిస్టు ఉంది. స్కాఫోల్డింగ్ పనికి పద్నాలుగు మంది, తొమ్మిదో పేరు నీది. నాకు కాసేపు అర్థం కాలేదు. మూడేళ్ళ కింద ఎయిర్‌పోర్టులో హెల్మెట్ నా చేతిలో పెట్టి, “ఇగ దీన్ని నెత్తి మీద పెట్టరా, సచ్చినా పెట్ట” అన్న మనిషివి నువ్వు. ఊళ్ళోనే ఉంటానన్నావు, సర్పంచ్‌గా నిలబడ్డావు, తొమ్మిది ఓట్లతో ఓడిపోయావు. రెండు నెలలు కూడా కాకముందే, నలభై నాలుగేళ్ళ వయసులో, మళ్ళీ పైపులెక్కడానికి మెడికల్ చేయించుకున్నావు. నిన్ను ఊళ్ళో నుంచి వెళ్ళగొట్టింది ఓటమి కాదని నాకు తెలుసు. మేము. అందులోనూ ముందు నేను.

జరిగింది నీకు తెలిసిందే అయినా నా చేత్తో ఒకసారి రాయనీ. మన ఊరి గల్ఫ్ గ్రూపుకు అడ్మిన్‌ని నేను. మస్కట్, దుబాయ్, దోహా, కువైట్ అన్నీ కలిపి మూడు వందల పన్నెండు మంది. ప్రతి శుక్రవారం అందులో నా అభిప్రాయాలు రాయడం ఆరేళ్ళ అలవాటు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు కానీ కండువాలు మాత్రం ఎందుకుంటాయని రాశాను. బతుకమ్మ పాట డీజేలో పడ్డాక ఆడవాళ్ళ చప్పట్లు వినపడడం లేదని రాశాను. వాయిస్ మెసేజీని రెండింతల వేగంతో వినేవాడికి అవతలివాడు నవ్వుతూ అన్నాడో ఏడుస్తూ అన్నాడో ఎట్లా తెలుస్తుందని కూడా రాశాను, సిగ్గు లేకుండా. రాసినప్పుడల్లా నలభై బొటనవేళ్ళు లేచేవి. వాటిని చూసుకుని పెద్ద మేధావిననుకున్నాను. నువ్వొక్కడివే, “రఘూ, నువ్వు రాసేదాంట్ల సగమన్న నువ్వు చేస్తవారా?” అని అడిగేవాడివి.

పోలింగ్‌కు ఐదు రోజుల ముందు గ్రూపులో నీ వాయిస్ వచ్చింది. నాలుగు నిమిషాల పది సెకన్లు. సైట్‌లో చాయ్ టైం ఎంతో నీకు నేను చెప్పాలా, పది నిమిషాలు. అందులోనే కాళ్ళు చాపాలి, చాయ్ తాగాలి, ఇంటికి ఫోన్ చెయ్యాలి. నీ మాట ఇట్లా మొదలైంది: “గల్ఫోళ్ళకు ఊరితోని ఏం పని? పైసలు పంపి ఊరు మాదే అంటరు. ఓటెయ్యనీకి రారు, ఎవలకెయ్యాల్నో ఫోన్ల జెప్తరు. గీళ్ళ మాట ఇన్నన్ని దినాలు ఊరు బాగుపడది.” నలభై సెకన్లకే దోహా నుంచి ఒకడు బూతు పెట్టాడు. వెంటనే కువైట్ అందుకుంది. చాయ్ టైం అయిపోయేసరికి నువ్వు గల్ఫ్ వాళ్ళ పాలిట శత్రువువి.

మర్నాడు నేను రాశాను. ఇది లింబాద్రి గొంతు కాదు, ఎవడో ఏఐతో చేయించిన దొంగ గొంతు, నేను మొత్తం విన్నాను, చిన్ననాటి దోస్తును నాకు తెలియదా అని. నిన్ను కాపాడడానికే రాశానని అందరితో చెప్పుకున్నాను. ఇక చూడు, గ్రూపు రెండుగా చీలింది. మిషన్ గొంతని సగం మంది, అసలు గొంతేనని సగం మంది. మూడు రోజులు డ్యూటీలో, బస్సులో, రూముల్లో ఒకటే కొట్లాట. ఏఐ గురించి జీవితంలో విననివాడు కూడా దాని గురించి ఉపన్యాసం ఇచ్చాడు. అక్కడేమో నువ్వు చౌరస్తాలో నిలబడి, “గది నా గొంతే, సాంతం ఇనుండ్రి” అన్నావట. అవతలి వాళ్ళకు ఇంకేం కావాలి? “దోస్తేమో కాదంటుండు, ఈయనేమో నాదే అంటుండు, ఇద్దరిట్ల ఎవడో ఒకడు అబద్దమాడుతుండు” అని ఇల్లిల్లూ తిరిగారు.

ఓడిపోయిన సాయంత్రం నా మీద అంత కోపంలోనూ నువ్వు మా ఇంటికి వెళ్ళావు. వాణి ఫోన్‌లో చెప్పింది. నా భార్య ఆ రోజు నుంచి నాతో పొడిపొడిగానే మాట్లాడుతోంది. మా అమ్మ చేతి మంచినీళ్ళు తాగి, “ఎవలేసిండ్రో ఎవలెయ్యలేదో నాకెర్కలేదు లస్మవ్వా, మీ ఇంటి ఐదు ఓట్లయితే నాయే. గంతే సాలు” అన్నావట. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయిందట. పాపం ముసలామె నా కోసం ఏడ్చిందని నువ్వనుకుని ఉంటావు.

పోయిన శుక్రవారం ఏమైందో చెప్తాను. ఫోన్ నిండిపోయింది, కొత్త ఫోటో కూడా పట్టడం లేదు. పాత ఆడియోలు తీసేస్తూ పొరపాటున నీదాని మీద వేలు పెట్టాను. మోగడం మొదలైంది. పొయ్యి మీద నూనె కాగుతోంది, ఉల్లిగడ్డలు వెయ్యడానికి లేచాను. ఇస్రార్ నా మంచం మీద కూర్చుని వింటున్నాడు. బీహారువాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. వింటున్నాడు. వాడికెందుకు శ్రమ అని ఆపబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. “రుకో భాయ్, ఆద్మీ అభీ బోల్ రహా హై” అన్నాడు. మనిషి ఇంకా మాట్లాడుతున్నాడు కదా, మధ్యలో ఆపుతారా అన్నట్టు చూశాడు.

అట్లా విన్నాను, లింబాద్రీ. ఊరు విన్న మొదటి ముక్క తర్వాత నువ్వు ఆగావు, గొంతు సవరించుకున్నావు. “గిట్లంటుండ్రు మన గురించి, హోటల్ కాడ, చౌరస్తల. దీంట్ల సగం అబద్దం, సగం నిజం” అన్నావు. గ్రామసభలో టీవీ పెట్టిస్తానన్నావు. “దుబాయ్ల ఉన్నోడు గూడ వీడియో కాల్ల నిలబడి అడగాలె, నా గల్లీల లైటేమైంది, బోరేమైందని. గని ఇంట్ల ఆడోళ్ళకు ఓటు ఎవలకెయ్యాల్నో జెప్పుడు బంజెయ్యుండ్రి. ఊర్ల ఉంటున్నది ఆళ్ళు, ఆళ్ళకెర్కలేదా?” అన్నావు. ఆఖరి పది సెకన్లు నా కోసమే పెట్టావు. “రఘూ, నేను మాట్లాడితె గిట్ల అటుఇటు అయితది. నువ్వు జర మంచిగ రాయి. నువ్వు రాస్తె ఇంటరు.”

కత్తి చేతిలోనే ఉంది, ఉల్లిగడ్డ నల్లగా మాడిపోయింది. నువ్వెందుకు బ్లాక్ చేశావో అప్పుడు తెలిసింది. మొత్తం విన్నానని ఊరందరికీ రాసినవాడు, పేరు పెట్టి అప్పజెప్పిన పని చెయ్యకుండా నీ గొంతే కాదన్నాడంటే నువ్వేమనుకోవాలి? ఇస్రార్ మాడిన కూరే తిన్నాడు.

ఆ రోజే గ్రూపులో ఆ వాయిస్ మళ్ళీ పెట్టాను. అప్పట్లో దీన్ని చివరి దాకా విన్నవాళ్ళు నిజం చెప్పండి అని అడిగాను. మూడు వందల పైచిలుకులో పదకొండు మంది చెయ్యెత్తారు. అందులో ఎందరు నాలాంటివాళ్ళో తెలియదు. చివర్లో ఏమన్నాడో ఒక్క ముక్కలో రాయమన్నాను. ఇద్దరు రాశారు. దోహా నుంచి మొట్టమొదట తిట్టినవాడు గంట తర్వాత, “అన్నా, ఎట్ల జేద్దాం?” అని మాత్రం పెట్టాడు.

శుక్రవారం రాతల్లో ఏఐ గురించి నేను భయపెట్టిందంతా ఉండనీ, ఆ భయమూ అవసరమే. నీ గొంతును మాత్రం ఏ మిషనూ ముట్టుకోలేదు. ఎవరూ కత్తిరించలేదు, ఎవరూ అతికించలేదు. మొత్తం అక్కడే ఉంది, ఉచితంగా ఉంది, ఒక్క వేలుతో వినొచ్చు. వినలేదు, అంతే. దీనికి ఏ పార్టీని తిడతాం, ఏ యాప్‌ను తిడతాం? ఇన్నేళ్ళూ రాజకీయం చెడిపోయింది, సంస్కృతి చెడిపోయిందని రాసిన నేను, మనిషి చెప్పేది చివరి దాకా వినడమే సంస్కృతి అని ఇస్రార్ దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇక నా నిర్ణయం విను. నువ్వు రావద్దు, నేను వస్తున్నాను. సెలవు మీద కాదు. మంగళవారం కంపెనీలో రాజీనామా ఇచ్చాను, నెల నోటీసు. నీ వీసా రావడానికి నెల పైనే పడుతుందని ఆఫీసులో కనుక్కున్నాను, ఈ లోపల ఉత్తరం నీకు అందుతుంది. అడ్మిన్ పదవి వదిలేశాను. శుక్రవారం రాతలు కూడా బంద్. ఖురియాత్ సైట్‌లో మనిద్దరం ఒకే తాడు కట్టుకుని నాలుగో అంతస్తులో పని చేసిన రోజులు గుర్తున్నాయా? నువ్వు జారితే నేను పట్టుకోవాలి, నేను జారితే నువ్వు. ఇక్కడ నేను జారి నిన్ను కింద పడేశాను. లేపకుండా ఊరుకోను.

ఓడిపోయినవాడు ఊళ్ళో ఏం చేస్తాడంటావు. గెలిచినాయన ఐదేళ్ళు సర్పంచ్‌గా ఉంటాడు, ఉండనీ. గ్రామసభలో నిలబడి అడిగే హక్కు మాత్రం ఓడిపోయినవాడికీ ఉంది. టీవీ పెట్టించడానికి సర్పంచే కానక్కర్లేదు. మా ఇంట్లో పెద్ద టీవీ ఉంది, సీరియళ్ళు తప్ప దానికి పని లేదు. నేను ఒక వైపు, నువ్వొక వైపు పట్టుకుంటే పంచాయతీ ఆఫీసుకు పది నిమిషాల నడక. దోహా, కువైట్, మస్కట్ నుంచి కలుస్తామని ఇప్పటికే అరవై మంది పేర్లిచ్చారు. ఆడవాళ్ళకు ముందు వరస కుర్చీలు నువ్వు చెప్పినట్టే వేద్దాం.

ఏజెంటుకు ఫోన్ చేసి పాస్‌పోర్టు వెనక్కి తీసుకో. ఇది నా సలహా కాదు, బతిమాలడం కూడా కాదు. నువ్వు సరేననేదాకా మీ గడప ముందు కూర్చుంటాను. నా మొండితనం నీకు తెలుసు.

నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నీ దోస్తు,
రఘుపతి

తా.క. సంతకం చేసి కలానికి మూత పెట్టాను. మళ్ళీ తీశాను. ఇది రాయకపోతే పైదంతా కూడా నా శుక్రవారం రాతల్లాంటిదే అవుతుంది.

అది నీ గొంతేనని మొదటి మాటకే నాకు తెలుసు. దొంగ గొంతని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. నీ వాయిస్ వచ్చిన సాయంత్రం, అంటే ఏఐ అని రాయడానికి ముందు రోజు, నలభై సెకన్లు విన్న మంటతో ఇంటికి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టించి అమ్మకు, నాన్నకు, తమ్ముడికి, మరదలికి, వాణికి ఒకేసారి చెప్పాను, లింబాద్రికి వెయ్యొద్దు, అవతలాయనకు వెయ్యండి అని. వాణి ఒక్కతే, “సాంతం ఇన్నవా?” అని అడిగింది. విన్నానన్నాను. “ఆయన గట్లనేటోడు గాదు” అంది. పైసలు పంపేది నేను, చెప్పినట్టు చెయ్యండని అరిచాను. ఐదుగురూ చెప్పినట్టే చేశారు. తెల్లారాక, దోస్తును వదిలేశాడని గ్రూపులో నాకు పేరు రాకూడదని ఆ ఏఐ కథ అల్లాను.

ఊళ్ళో లేని నాకు ఓటు లేదు. ఐదు ఓట్లు వేశాను. ఆ ఐదూ అక్కడి నుంచి తీసి నీ వైపు వేసి చూడు, ఒక్క ఓటుతో నువ్వు సర్పంచ్‌వి. అమ్మ ఏడ్చింది అందుకు.

వచ్చే గ్రామసభలో మైకు అడిగి తీసుకుంటాను. ముందు నీ గొంతు వినిపిస్తాను, నాలుగు నిమిషాల పది సెకన్లూ. తర్వాత అమ్మ, వాణి ముందు వరసలో కూర్చుని ఉండగా ఈ తా.క. నేనే చదువుతాను. దీనికి ఫోటో తియ్యలేదు, నకలు లేదు. కోపమొచ్చి చింపెయ్యకు. నేను వచ్చి అడిగిన రోజు నా చేతికివ్వు.