ముత్తి పేరిట రాయి

కోంటా, గురువారం రాత్రి

ముత్తిని ఇంటికి చేర్చలేకపోయాను. మశూచి సోకినప్పుడు ఊరివాళ్లు ఆ పిల్లను పొలిమేర గుడిసెలో వదిలేసి అడవిలోకి పారిపోయారు. ఎలాగో బతికి, సంత పందిళ్ల కింద పడుకుంటుంటే నేను అనాథ పిల్లలను సాకే పాకకు తెచ్చుకున్నాను. ఇల్లున్న పిల్లే కదా, అప్పగిస్తే సరిపోతుందనుకున్నాను. దిక్కులేని పిల్లల మధ్య ఇన్నేళ్లు గడిపి కూడా ఇంత తేలిగ్గా ఎలా అనుకున్నానో!

ఇవాళ తీసుకెళ్తే పటేలు మమ్మల్ని ఊరి బయటే ఆపాడు. చచ్చినవాళ్లకు నిలబెట్టే రాళ్ల వరసలో కొత్తదాన్ని చూపించాడు.

"ఇది ముత్తిది. రాయి నిలబెట్టినంక మనిషి తిరిగి రాదమ్మా. వస్తే అది మనిషి గాదు."

"పిల్ల కళ్ల ముందుంటే ఏందయ్యా ఈ మాట!" అని అరిచాను.

అంతలో ముత్తి తల్లి వచ్చింది. కూతురి మొహం చూడలేదు. ఆకులో అన్నం తెచ్చి రాయి ముందు పెట్టి, "తిను బిడ్డా" అని రాయితోనే చెప్పి వెళ్లిపోయింది.

ముత్తి ఆ రాయి పక్కన కూర్చుని మెతుకు మిగల్చకుండా తిన్నది.

తిరిగొచ్చే దారిలో ఒక్కటే అడిగింది. "చచ్చినోళ్లకు మళ్ల ఎప్పుడు పెడ్తరమ్మా?"

ఏడాదికోసారని చెప్పడానికి నోరు రాలేదు.