కుదుపు లేని కారు

విశాఖపట్నం,
జూన్ 2003

ప్రియమైన బావకి,

త్రినాథ్ నమస్కారాలు. మొన్న డయాలసిస్ అయ్యాక అక్కని నీ పాత అంబాసిడర్ ఎక్కిస్తుంటే నా చెయ్యి వదల్లేదు. "ఒరే, నాను మరి రానురా. గోతిలో పడ్డపుడల్లా పేనం పోతంది" అంది. కంచిలి నుంచి ఇక్కడికి వారానికి రెండుసార్లు, అదీ తవ్వి పోసిన హైవే మీద. రైల్లో ఆ తోపులాటకి తట్టుకోలేదు.

ఆ బండి ఎక్కడ ఆగినా పైపు నోటితో ఊది, తీగముక్క కట్టి ఇంటికి తెస్తావు. కాదనను. కానీ నేను మెకానిక్‌గా పనిచేసే షోరూములో కొత్త కార్లు చూస్తున్నాను కదా. పెట్రోలు ఎంత కావాలో కంప్యూటరే చూసుకుంటుంది. గోతులున్నా లోపల మనిషికి తెలీదు. అక్క కోసమైనా పాతది అమ్మెయ్యి బావా.

నీ బావమరిది,
త్రినాథ్

కంచిలి,
జనవరి 2004

త్రినాథూ,

నీ మాట మీద కొత్తది తెచ్చినాను. మీ అక్క పలాసలో కళ్లు మూసింది, శీకాకుళంలో తెరిసింది. "అపుడే ఇంత దూరం వొచ్చేసినామేటి?" అంది. ఇపుడు ఎల్లే రోజైతే నాకన్నా ముందే జడేసుకుని ఎక్కి కూకుంటంది.

నాకే ఏటీ తోచదు. బానెట్ ఎత్తితే అన్నీ మూతలే. ఓ రోజు స్టీరింగు ముందర పసుపు దీపం ఎలిగింది, దానంతటదే ఆరిపోనాది. దానికేటి కోపమొచ్చిందో నాతో సెప్పదు. పాతదయితే సప్పుడుని బట్టి తెలిసీది. పోనీలే, మీ అక్క సుఖంగా ఉంది.

మీ బావ,
వైకుంఠరావు

విశాఖపట్నం,
నవంబర్ 2004

బావా,

అక్క పెద్దకర్మ నాడు నువ్వు నా మొహం చూడలేదు. ఏం జరిగిందో టెక్కలి మెకానిక్ పోతురాజుని అడిగాను. వానలకి అంతకుముందు డయాలసిస్ తప్పిందట, అక్కకి అప్పటికే ఆయాసమట. టెక్కలి దాటాక నీళ్లలోంచి వస్తుంటే కారు ఆగిపోయిందట. "చెయ్యి పెట్టడానికేటీ దొరకనేదు బాబూ. కంప్యూటర్‌లోకి నీరు పోనాది. వైకుంఠరావు నా కాళ్లు పట్టుకున్నాడు" అని ఏడ్చాడు.

కారుకి తగిలిస్తే తప్పు ఎక్కడుందో చూపించే మిషను ఆ పూట మా వర్క్‌షాపులో నా బల్ల మీదే ఉంది బావా. నేను దానితో ఎవరిదో హారన్ చూస్తున్నాను.

ఆ కారు అమ్మెయ్యి. నేనూ ఈ పని మానేస్తున్నాను.

త్రినాథ్

కంచిలి,
ఫిబ్రవరి 2005

నాయనా త్రినాథూ,

నీ మీద కోపం కాదురా. నిన్ను సూత్తే ఆ మొహంలో మీ అక్క కనిపించింది.

కారు ఆగినాక నౌపడ నుంచొచ్చే ఉప్పు లారీ ఆపి ఎక్కించినాను. నా ఒళ్లోనే ఉంది. నాను కారుని తిడతంటే, "దాన్నేటీ అనకు. ఏడాది పాటు నిద్దరపోనాను దాన్లో" అంది. నరసన్నపేట దాటినాక మరి మాటాడనేదు.

పాతదయితే ఆ రోజు ఎలాగోలా నడిపించీవోడిని. అది నిజం. పాత దాన్లోనయితే ఆవిడ ముందటేడే రానని మంచం పట్టీది. అదీ నిజమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని రోజూ కూకుంటన్నాను.

కారు బాగు సేయించి, అమ్మేద్దామనే అనుకున్నాను. ఇంతలో మా ఈదిలో నీలమ్మ వొచ్చింది. ఆవిడికీ అదే రోగం. "అన్నా, జీపులో కుదుపులకి పడనేకపోతన్నాను" అంది. ఇపుడు వారానికి రెండుపాలీలు ఆవిడ్ని తీసుకెల్తన్నాను. టెక్కలి దగ్గర బండి నెమ్మది సేసి, సప్పుడు ఇనుకుంటా ఎల్తాను.

నువ్వు పని మానకు. బాగా నేర్సుకో. నేర్సుకున్నాక ఆ మిషను ఒకటి సంపాదించి పలాస వొచ్చెయ్యి. రోడ్డు పక్కన షెడ్డుకి నాను సోటు సూత్తాను. ఈ ఉద్దానం పల్లెల్లో ఊరూరా మీ అక్కలాగ కిడ్నీలు పాడయినోళ్లే, అందరూ ఈ దారినే ఎల్లాల. ఎక్కడైనా కారు ఆగిపోతే పరిగెత్తుకెల్లడానికి ఓ మనిషుండాల కదరా. మీ అక్కకి నేకపోనాడు.

నీ కోసం ఎదురు సూత్తా,
బావ