మిగిలిపోయిన రెండు చుట్ల గురించి

క్రీడాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: అంతర్జాతీయ పోటీలలో వృత్తి క్రీడాకారులను, ఔత్సాహికులను ఒకే బరిలో నిలుపుట – పది వేల మీటర్ల పరుగులో నా కుమార్తెను మధ్యలో ఆపివేయుట – గురించి.

నేను ముప్పై నాలుగు సంవత్సరాలు భాష బోధించి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుణ్ణి. నా కుమార్తె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి మడతపెట్టే ఉద్యోగిని. పనికి వెళ్ళే ముందు, తెల్లవారుజామున ఒక గంట పరుగెత్తేది. గత నెల మన స్టేడియంలో జరిగిన అంతర్జాతీయ పోటీలో ఆమె పాల్గొన్నది. ఆ విషయమై ఈ క్రింది అంశాలు మనవి చేసుకొనుచున్నాను.

1. దరఖాస్తులో రెండు గడులుండెను. ఒకటి ఔత్సాహికుల విభాగం. అది ముందురోజు, పక్కనున్న సాధన మైదానంలో. రెండవది సాధారణ విభాగం. ప్రధాన స్టేడియంలో, పరుగే జీవనోపాధి అయినవారితో కలిసి. ఆమె మొదటి గడిలో టిక్కు పెట్టబోగా నేను వారించాను.

“నాన్నా, వాళ్ళకి పరుగే ఉద్యోగం. నాది ఉద్యోగానికి ముందు దొంగిలించుకున్న గంట. ఇద్దర్నీ ఒకే గీత మీద నిలబెడితే ఎలా?”

“నా తరగతిలో అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చానమ్మా. కారులో వచ్చినవాడికీ అదే, నడిచి వచ్చినవాడికీ అదే. సులువైన పేపరు రాసి తెచ్చుకున్నది మార్కేనా?”

“నీతో వాదించి గెలిచినవాళ్ళెవరు? కానీ, నీ ఇష్టం,” అని కలం నా చేతికిచ్చింది. రెండవ గడిలో టిక్కు నేను పెట్టాను. సంతకం మాత్రం ఆమెది.

2. అది ఇరవై ఐదు చుట్ల పరుగు. విజేత ఆమెను నాలుగు సార్లు దాటింది. నాలుగవసారి దాటినప్పుడు నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, “పాపం, ఆ పిల్లని ఎవరు పంపారండీ?” అన్నాడు. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

3. తక్కినవారందరూ ముగించేసరికి ఆమెకు రెండు చుట్లు మిగిలినవి. అప్పుడొక నిర్వాహకుడు ఎర్ర జెండాతో అడ్డు నిలిచాడు. నేను కంచె దాకా వెళ్ళాను గనుక మాటలు విన్నాను. “రెండే చుట్లండీ. నడవను, పరుగెత్తే పూర్తిచేస్తాను,” అన్నది. “పక్కకి రామ్మా, బహుమతుల టైమైపోతోంది. టీవీవాళ్ళు ఆగరు,” అన్నాడతడు. తమకు తెలియవలసినది ఒకటున్నది. ఇరవై మూడవ చుట్టు ముగిసేసరికి ఆమె తన జీవితంలో ఎన్నడూ లేనంత వేగంగా పరుగెత్తుతున్నది. చుట్టుచుట్టుకూ సమయం రాసుకున్న కాగితం జతపరచడమైనది. ఫలితాల పట్టికలో మాత్రం ఆమె పేరుకెదురుగా ‘పూర్తి చేయలేదు’ అని ఉన్నది.

4. దీనిని సవరించమని తమ కార్యాలయానికి మూడు పర్యాయములు వచ్చాను. గుమాస్తా గారు, “రెండు చుట్లే కదా మాస్టారూ, ఇంటి చుట్టూ తిప్పించెయ్యండి,” అని నవ్వారు.

5. ఇప్పుడామె తెల్లవారుజాము షిఫ్టు అడిగి వేయించుకున్నది. అనగా పరుగెత్తే గంట ఇక లేదు. మందు వేసుకున్నావా, అన్నం పెట్టనా అన్న రెండు ప్రశ్నలు తప్ప నాతో మాట లేదు.

6. వచ్చే ఏటి నుండి ఔత్సాహికుల విభాగాన్ని రద్దు చేయనున్నట్లు తమ సర్క్యులర్ వచ్చినది. అందులో నాలుగు భాషాదోషములున్నవి. వాటి గురించి ఈరోజు రాయను. ‘ఔత్సాహికులే స్వచ్ఛందంగా సాధారణ విభాగమును ఎంచుకొనుచున్నారు’ అని కారణం చూపి, లాండ్రీ ఉద్యోగిని ఒకరిని ఉదాహరించారు. అడిగితే గుమాస్తా గారు, “అవునండీ, మీ అమ్మాయే మాకు పెద్ద ఆధారం!” అన్నారు.

అయ్యా, ఆ విజేత మీద నాకు ఫిర్యాదు లేదు. ఆమె తన పని తాను చేసింది. కానీ దుప్పట్లు మడతపెట్టే పోటీలో ఆమెను తెచ్చి నా కుమార్తె పక్కన నిలబెడితే దానిని సమానత్వమని ఎవరూ అనరు. ఒకే ప్రశ్నపత్రం ఇచ్చాననుకున్నాను గానీ, చదువుకోవడానికి ఎవరికెంత పొద్దు దొరికిందో నేను ముప్పై నాలుగేళ్ళలో ఒక్కనాడూ అడగలేదు.

కావున నా ప్రార్థన:

(అ) ఆ గడిని ఎంచుకున్నది నా కుమార్తె కాదనియు, తన పట్టుదల కొద్దీ ఆమె తండ్రి ఎంచుకున్నాడనియు రికార్డులో నమోదు చేయవలెను.

(ఆ) ఔత్సాహికుల విభాగమును రద్దు చేయరాదు.

(ఇ) ఏదో ఒక ఉదయం స్టేడియం తలుపు తెరిపించి, ఆ రెండు చుట్లు పూర్తి చేసుకోవడానికి ఆమెకు అనుమతి ఇప్పించవలెను.

తప్పు ఒప్పుకుంటున్న తండ్రి మాటగా దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు

తా.క.: సాపు ప్రతి పూర్తవుతుండగా నా కుమార్తె భుజం మీదుగా చదివింది.

“(ఇ) కొట్టెయ్ నాన్నా. ఖాళీ స్టేడియంలో తిరిగితే అది పరుగు కాదు, నీ మనసుకి మందు.”

కనుక కొట్టివేసితిని. కొట్టివేతతో అర్జీ పంపుట నాకిదే మొదలు, మన్నించగలరు.

తరువాత (అ) మీద వేలు పెట్టింది. “ఇది చెప్పాల్సింది ఆయనకా, నాకా?” అన్నది.

ఆమెకే చెప్పాను. షిఫ్టుకి వేళైందని వెళ్ళిపోయింది.